మా ఇంటి ఓవెన్ మీద విచారణ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను డి.ఎ. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పేవారు ఈ హాలులో పదిమంది ఉన్నారు. నేను మైక్రోవేవ్ ఓవెన్ గురించి మాట్లాడతానన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, "సరే, పది నిమిషాలు" అన్నారు.

మా అబ్బాయి నాలుగేళ్ల క్రితం కన్వెక్షన్ ఓవెన్ కొన్నాడు. మామూలు మైక్రోవేవ్‌తో పాటు, లోపల వేడిగాలి తిప్పి కేకులూ బిస్కట్లూ కాల్చే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది. నాకు షుగరు. అందుకని మా కోడలు అందులో రాగి బిస్కట్లు చేసి డబ్బాలో పోసి పెట్టేది. పోయిన సంక్రాంతి నాడు అది మొరాయించింది. బిస్కట్లు పెట్టిన ఐదారు నిమిషాలకు కూతపెట్టి, తెర మీద ఒక అక్షరం, ఒక అంకె చూపించి ఆగిపోయింది. మర్నాడు నేను దగ్గర నిలబడి చూస్తే బుద్ధిగా నడిచింది. మూడోనాడు ఆమె పెడితే మళ్లీ ఆగింది.

పండక్కి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ల ముందే "స్టీలు గిన్నె పెట్టి పాడుచేసి ఉంటావమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట్లాడలేదు. ఓవెన్ మీద గుడ్డ కప్పింది. రెండు నెలలు దాన్ని ముట్టుకోలేదు.

36 ఏళ్లు నోట్ ఫైళ్లు రాసినవాణ్ణి. సంజాయిషీ అడగకుండా శిక్ష వేయరాదని ఎన్ని ఫైళ్లలో రాశానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం మెమో, విచారణ, శిక్ష అన్నీ ఒక్క వాక్యంలో ముగించాను.

కబురు పెడితే కంపెనీ మనిషి వచ్చాడు. మూత విప్పకుండానే "బోర్డు పోయింది సార్, ఐదువేల ఎనిమిది వందలవుతుంది" అన్నాడు. ఎలా తెలిసింది బాబూ అంటే, "ఈ కోడ్ వస్తే బోర్డే" అన్నాడు. ఆధారం లేని బిల్లు చూస్తే నాకు ఇప్పటికీ చేయి దురద పెడుతుంది. అతన్ని పంపించేసి, బీరువాలోంచి ఓవెన్‌తో ఇచ్చిన పుస్తకం తీశాను. ఆ కోడ్‌కు అర్థం ఉష్ణోగ్రత సెన్సార్‌లో లోపం అని ఉంది. ఈ కోడ్లు కంపెనీకొక తీరు, పక్కింటి వారి పుస్తకం మనకు పనికిరాదు.

అదే పుస్తకంలో ఇంకో మాట కనబడింది. వేడిగాలి పద్ధతిలో లోహపు ట్రే వాడవచ్చట. లోహం పెట్టరానిది మైక్రోవేవ్ పద్ధతిలో. పెడితే నిప్పురవ్వలు లేచి లోపలి గోడల మీద నల్లటి కాలిన మచ్చలు పడవచ్చు. టార్చిలైటు వేసి చూశాను. ఒక్క మచ్చ లేదు. నా అభియోగం అక్కడే వీగిపోయింది. అయినా ఆ పూట నోరు విప్పలేదు. విచారణ పూర్తి కానీ అనుకున్నాను. నిజానికి పెద్దరికం అడ్డొచ్చింది.

మూత విప్పకుండా మనబోటివాళ్లం చేయగల పరీక్ష ఒకటుంది. గాజు కప్పులో నీళ్లు పోసి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టాను. వేడెక్కాయి. అంటే మైక్రోవేవ్ భాగం బాగానే ఉంది, తగాదా వేడిగాలి వైపే. అంతవరకే మన అధికార పరిధి. మూత మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా అది ప్రాణం తీయగలదు. దాన్ని పద్ధతిగా డిశ్చార్జి చేయడం తెలిసినవాడే చేయి పెట్టాలి.

మా వీధిలో టీవీలు బాగుచేసే కుర్రవాడికి అది తెలుసు. ముందు ఆ పని చేసి, తరువాత సెన్సార్ చూపించాడు. పెసరగింజంత ఉంది. థర్మిస్టర్ అంటారట. చల్లగా ఉన్నప్పుడు కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది, వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి బోర్డు లోపలి వేడి ఎంతో లెక్కకడుతుంది. పక్కనే థర్మల్ కటౌట్ అని ఇంకొకటుంది. అది వేడి హద్దు దాటితే తెగే స్విచ్చి మాత్రమే, చల్లగా ఉన్నప్పుడు మీటరు మీద దాదాపు సున్నా చూపాలి. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే విచారణ పక్కదారి పడుతుంది.

సెన్సార్ తీగను బోర్డు నుంచి ఊడదీసి మల్టీమీటర్ తగిలించాడు. 96 కిలో ఓమ్‌లు చూపింది. ఈ అంకె మోడల్‌ను బట్టి మారుతుంది, 10 ఉన్నవీ ఉంటాయట. తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో సెన్సార్‌కు వేడిగాలి పట్టాడు. నేను నోటుబుక్కు పట్టుకు కూర్చున్నాను. 96, 71, 52, 38 అని వరుసగా దిగింది. "బాగానే ఉందిగా" అంటూండగానే మీటరు మీద అంకె ఎగిరిపోయింది. పూర్తిగా తెగిన తీగకు చూపే గుర్తు వచ్చింది. డ్రయ్యర్ ఆపి చల్లారనిస్తే అంకె మళ్లీ వచ్చింది. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అంతే.

సెన్సార్ దగ్గరి అతుకు లోపల విడిపోయి ఉంది. చల్లగా ఉన్నంతసేపు ఆనుకుని ఉంటుంది, వేడికి కదిలి ఎడమవుతుంది. సెన్సార్ నుంచి సమాచారం ఆగిపోతే లోపల ఎంత వేడి ఉన్నదీ బోర్డుకు తెలియదు. తెలియకుండా కాలుస్తూ పోతే ప్రమాదం కనుక కోడ్ చూపించి ఆపేసేది. బోర్డు దోషి కాదు, తన డ్యూటీ తాను చేసింది. నేను చూసిన రోజు నడవడం, ఆమె పెట్టిన రోజు ఆగడం, అంతా ఆ అతుకు చేసిన మాయ. కొత్త సెన్సార్ 350 రూపాయలు, కూలి 300.

సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చాక నోటుబుక్కు ఆమె ముందు పెట్టాను. అంకెలన్నీ చదివి వినిపించి, "తప్పు నాదమ్మా. నీ మీద మోపింది అన్యాయం" అన్నాను. ఈసారీ చుట్టాల ముందే అనవలసింది, కాని వాళ్లు వెళ్లిపోయారు. అందుకే ఇవాళ మీ ముందు అంటున్నాను.

ఆమె నోటుబుక్కు నా వైపు తిప్పి, "మామయ్యగారూ, కింద సంతకం పెట్టి తేదీ వేయండి" అంది. పెట్టాను. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బయట టీతో పాటు రాగి బిస్కట్లు ఉన్నాయి, ఆమె పొద్దున చేసి పంపింది. తీసుకోండి.