అక్షరమును నిలుపు ఛాయాచిత్రము



1914లో, నాటి బెజవాడలో, ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. ఆ ఉద్యమపు నీడలో పెరిగిన పల్లె గ్రంథాలయములందు వేరొక ప్రతి దొరకని పాత సంచికలు, చేతివ్రాత పట్టికలు ఉండుట కద్దు. వానికి చెదలు ఒక శత్రువు, నీరు మరియొకటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు వరద చూచినవారికి, కాగితము నశించుటకు ఒక్క పూట చాలునని వేరుగ చెప్పనక్కరలేదు.

డిజిటల్ కెమెరాతో పుటపుటకును చిత్రము తీసి దాచుట సులభమైన రక్ష. కాని చిత్రము మసకబారినచో ఆ రక్ష పేరునకు మాత్రమే. 'పలము' ఒక తూకము, 'ఫలము' పండు. రెంటికిని భేదము అక్షరము క్రింది చిన్న గీతయే. మసక చిత్రమున మొదట మాయమగునది ఆ గీతయే.

మసకకు కారణములు ముఖ్యముగా రెండు: చేయి కదలుట, దృష్టి కేంద్రము తప్పుట. వెలుతురు తగ్గినకొలది కెమెరా తన కన్ను ఎక్కువసేపు తెరచి యుంచును. ఆ వ్యవధిలో చేయి అదిరినచో అక్షరము అలుకుకొనిపోవును. 35 మి.మీ. ఫిల్ము కెమెరాల నాటినుండి ఒక వాడుక కలదు: 50 మి.మీ. కటకముతో చేతబట్టి తీయునపుడు ఆ వ్యవధి సెకనులో 50వ వంతును మించరాదు. పుటల విషయమున 100వ వంతు ఇంకను క్షేమము.

కావున పగటివేళ, ఎండ నేరుగ సోకని వరండాలో పుస్తకమును బల్లపై నుంచవలెను. కెమెరాను ముక్కాలి స్టాండుకు బిగించి, పుటకు సమాంతరముగ నిలుపవలెను. వాలినచో ఒక అంచు స్పష్టమై, మరియొకటి మసకయగును. దగ్గరనుండి తీయుటకు పువ్వు గుర్తును ఎన్నుకొనవలెను. మీటను సగము నొక్కి, కేంద్రము కుదిరిన గుర్తు కనబడిన పిదపనే పూర్తిగ నొక్కవలెను. 2 సెకనుల టైమరు పెట్టినచో వ్రేలి అదురు సయితము సోకదు. ఐ.ఎస్.ఓ. పెంచినచో వ్యవధి తగ్గును గాని, చిత్రమున ఇసుకవంటి రేణువులు పెరుగును. స్టాండు ఉన్నచోట 100 లేక 200 చాలును. నునుపు కాగితముపై ఫ్లాషు వేసినచో ఆ మెరుపు అక్షరములను కప్పివేయును.

కెమెరా వెనుకనున్న చిన్న తెరపై ప్రతి చిత్రమును బాగుగనే తోచును. మోసము అచటనే యున్నది. చిత్రమును పెద్దది చేసి, పుట మూలనున్న అక్షరమును చదివి చూడవలెను. చదువ వీలుకానిచో అప్పుడే మరల తీయవలెను.

ఈ పని ఒక్కరిది కాదు. ఒకరు పుట త్రిప్పగా, ఒకరు మీట నొక్కగా, చదువు వచ్చిన పెద్దయొకరు ప్రతి చిత్రమును సరిచూడవలెను. నేడు తప్పు దొర్లినను దిద్దుకొనుటకు పుస్తకము బల్లపైననే యున్నది. వరద వచ్చి పోయిన పిదప మరల తీయుటకు ఆ పుట ఉండదు.