లెక్కల పుస్తకములోని అంకె
(సంఘ విద్యార్థి బహుమాన సభలో చేసిన ప్రసంగము)



నేను బెల్లపు వర్తకుడను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. అట్టి నన్ను ఉన్నత విద్యను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరుట సాహసమే. కావున తెలియని సంగతుల జోలికి పోక, నాకు అన్నము పెట్టుచున్న చెరకును గూర్చియే చెప్పెదను.

మా దుకాణపు పుస్తకములో సరకు వచ్చిన ఊరి పేరు ప్రక్కన చెరకు రకమును గూడ వ్రాయుట మా తాతగారి నాటి అలవాటు. బెల్లపు రంగు, గట్టిదనము రకమును బట్టియు మారును గదా. నేను ఎక్కువ పర్యాయములు వ్రాసిన అంకె 86032. ఒకనాడు మా పెద్దమ్మాయి ఆ పుస్తకము త్రిప్పుచు, “నైనా, ఈ అంకె ఎవరు పెట్టినారు?” అని యడిగినది. మిల్లువారు పెట్టియుందురంటిని. ఆమె నవ్వినది.

ఆ అంకెను పెట్టినది మన కోయంబత్తూరులోనే, వీరకేరళమున నున్న చెరకు ప్రజనన సంస్థ. దాని ముందు వ్రాయు ‘కో’ అను అక్షరము మన ఊరి పేరే. 86 అనగా 1986, ఆ మొక్కను ఎంపికచేసి పేరు పెట్టిన యేడు. రైతులకు విడుదలయైనది 2000లో. నడుమ పదునాలుగేండ్లు! మూడు మాసముల అరువిచ్చియే నిద్రపట్టని వర్తకులము మనము.

సంస్థ 1912లో నెలకొల్పబడినది. అప్పటి ఉత్తరదేశపు చెరకు సన్నని గడ. మన దేశము జావా చక్కెరను దిగుమతి చేసికొనుచుండెను. బార్బరుదొరయు, ఆయన సహాయకులైన టి. ఎస్. వెంకటరామన్ గారును ‘వెల్లై’ అను లావుపాటి తీయని చెరకును రెల్లుగడ్డితో సంకరపరచిరి. అవును, గట్లమీద మనము చూచియు చూడక దాటిపోవు రెల్లే. తీపి ఒకదానిది, మొండితనము రెండవదానిది. ఆ సంతతియే 1918లో పంజాబు ప్రాంతమునకు విడుదలయైన కో 205. ఇదంతయు కోయంబత్తూరుననే యేల జరిగినదందురా? ఇచట చెరకు చక్కగా పూచి విత్తు పట్టును. ఉత్తరదేశమున అది అరుదు. నేటికిని పూత కాలమున ఇతర రాష్ట్రముల పరిశోధకులు ఇచటి సంకరణ వనమున తమకు కావలసిన జతలను కలిపి, విత్తును గొనిపోవుదురు. అనకాపల్లి కేంద్రమునకును ఇచటినుండి విత్తు పోవుచుండును. అనకాపల్లి బెల్లమును పొగడు మనకు ఈ సంగతి తెలియకుండుట నాకు సిగ్గుగా తోచినది.

రైతు ముచ్చెలు నాటును గనుక పిల్లమొక్క తల్లివలెనే యుండును. విత్తునుండి మొలిచినదో, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. దూదిపింజవంటి ఆ విత్తును చల్లి, వేలకొలది మొలకలను పెంచి, యేటేట ఏరివేయుచు పోవుదురు. తీపి యున్నది పడిపోవును. బరువున్నది తెగులునకు లోనగును. అన్నియు బాగున్నదనుకొన్నది కార్శి తోటలో చతికిలబడును. పది పండ్రెండేండ్లకు ఒకటి మిగిలిన మిగులును, లేకున్న లేదు.

మిగిలినదియు శాశ్వతము కాదు. 2009లో విడుదలయైన కో 0238, కర్నాలు ప్రాంతీయ కేంద్రమున డాక్టర్ బక్షీరామ్ గారి కృషి. ఉత్తరప్రదేశపు చెరకు పొలములలో అత్యధిక భాగమును అది ఆక్రమించెను. పిదప ఎర్రకుళ్ళు తెగులు సోకి, ఆ యొక్క వంగడమునే నమ్మిన రైతులు నష్టపడిరి. కావుననే ఈ వృత్తికి పని లేని దినముండదు.

ఆడపిల్లలకు ఈ పని యేల యనువారికి ఒక్క మాట. 1934 మొదలు 1939 వరకు ఈ సంస్థలోనే జానకీ అమ్మాళ్ గారు పనిచేసి, చెరకును మొక్కజొన్నతో సంకరపరచిరి.

ఆ మాట అన్నవారిలో నేనే మొదటివాడను. మా అమ్మాయి వ్యవసాయ బి.యస్సీ. ముగించి, జన్యుశాస్త్రము, సస్య ప్రజననములలో ఎమ్మెస్సీ చేయుదునన్నప్పుడు, “ముప్పదియేండ్లు వచ్చువరకు చదువా? బురద త్రొక్కుటకా?” అని కసరితిని. ఆమె యెదురు చెప్పక ఒక యేడు ఇంటనుండి నా లెక్కలు చూచినది. ఆ యేటిలోనే ఆ ప్రశ్న అడిగినది. మరుసటి యేడు దరఖాస్తును నేనే తెచ్చియిచ్చితిని. పోయిన యేటిని మాత్రము తిరిగి యీయలేను.

చదువు దీర్ఘమైనదే. బి.యస్సీ. నాలుగేండ్లు, ఎమ్మెస్సీ రెండు, పిహెచ్.డి. కనీసము మూడు. ఆ పిదప వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామక మండలివారి అఖిల భారత పరీక్ష కలదు. విశ్వవిద్యాలయములు, విత్తనపు కంపెనీలు కలవు. ఉపకారవేతనములు ఉన్నను అందరికిని అందవు. నడుమ డబ్బు చాలక మానుకొనువారే యెక్కువ నష్టపోవుదురు.

మన విద్యానిధి నియమములలో వైద్యము, ఇంజనీరింగు మాత్రమే యున్నవి. రెండేండ్లకు మించి సహాయము చేయరాదనియు నున్నది. ఆ నియమములు వ్రాసినవారిలో నేనొకడను. వ్యవసాయ శాస్త్రమును చేర్చవలయుననియు, పరిశోధన ముగియువరకు సహాయము నిలుపరాదనియు వచ్చు నెల కార్యవర్గమున తీర్మానము తెచ్చుచున్నాను. నేను కోశాధికారిగా నున్నంతకాలము మా అమ్మాయి ఈ నిధికి దరఖాస్తు చేయదు. అభ్యంతరముగలవారు ఆనాడు వచ్చి నా యెదుటనే చెప్పవలయునని ప్రార్థించుచున్నాను.