సోమవారపు బరువు

(గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులకు, టెస్టర్లకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మనం వెన్న శాతం గురించి, లెక్కల గురించి, దాణా గురించి ఎంతో చెప్పుకుంటాం. మనసు గురించి మాత్రం చెప్పుకోం. అది ఎవరింట్లో వారు చూసుకోవలసిన విషయమని మన అభిప్రాయం. కాని సోమవారం తెల్లవారుజామున పాలకేంద్రం తలుపు తీసేటప్పుడు మనలో చాలామందికి కాళ్లు బరువెక్కుతాయి. ఎందుకో తెలియని దిగులు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఆ సంగతి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

గేదెకు లేని ఆదివారం, సోమవారం మనకెక్కడివని కొందరు నవ్వవచ్చు. నిజమే, పాలు వారానికి పద్నాలుగు పూటలూ వస్తాయి. కాని బ్యాంకుకు ఆదివారం ఉన్నది. ఆఫీసుకు ఉన్నది. పిల్లల బడికి ఉన్నది. ఆ రోజు వచ్చిన ఫిర్యాదు, అందని దాణా బస్తా, తేలని లెక్క అన్నీ సోమవారానికి పేరుకుంటాయి. ఊరు విశ్రాంతి తీసుకున్న రోజున మనం రెండు పూటలా పని చేశాం. ఊరు పనిలోకి దిగే రోజున మనం అలసటతోనే దిగుతున్నాం. కనుక ఈ బరువును బద్ధకమని తీసిపారేయడం న్యాయం కాదు.

అయితే దీన్ని పట్టించుకోకుండా వదలడానికీ వీలులేదు. ఎందుకంటే మన మనసు బాగులేకపోతే నష్టపోయేది మనం ఒక్కరమే కాదు.

పాలు పితికే చోటు నుంచే చూడండి. దూడ మూతి తగిలినప్పుడు, అలవాటైన చేయి నెమ్మదిగా పొదుగు తుడిచినప్పుడు గేదె ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు చేపుతుంది. అది పనిచేసేది కొద్ది నిమిషాలే. విసుగుతో అరిచినా, కొట్టినా గేదె బెదురుతుంది. బెదిరినప్పుడు పుట్టే అడ్రినలిన్ ఆ చేపును ఆపేస్తుంది. పాలు పొదుగులోనే మిగిలిపోతాయి. గేదెకు వారం పేరు తెలియదుగాని, పక్కన కూర్చున్న మనిషి చేయి ఎట్లా ఉందో బాగా తెలుసు.

ఇక పాలకేంద్రానికి వద్దాం. గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ కొలిచి పోయాలి. పరధ్యానంగా ఉన్న చేతిలో ఆమ్లం ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఇప్పుడు చాలా సంఘాల్లో యంత్రమే శాతం చూపిస్తున్నది. కాని యంత్రాన్ని కడగవలసింది మనిషే. నమూనాను బాగా కలిపి పెట్టవలసిందీ మనిషే. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకామె 5 కిలోల పాలు పోసింది. అసలు వెన్న 7 శాతం. కలపకుండా తీసిన నమూనాలో 6.5 వచ్చింది. తేడా 25 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 700 రూపాయలనుకుంటే ఆ పూట ఆమె పోగొట్టుకున్నది 17 రూపాయల 50 పైసలు. రెండు గేదెలతో ఇల్లు గడుపుకునే మనిషికి అది చిన్న మొత్తం కాదు. ఎందుకు తగ్గిందని ఆమె అడిగితే మనం కసురుకుంటాం. మర్నాటి నుంచి ఆమె పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతాయి. సంఘాలు బలహీనపడేది ఇట్లాంటి ఉదయాల్లోనే.

మరి ఏం చేయాలి? మేము సంఘాలకు వెళ్లినప్పుడు విన్నవీ, పనికి వచ్చాయని నలుగురూ చెప్పినవీ మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, ముందు వారం పనిని ముందు వారంలోనే ముగించడం. శనివారం సాయంత్రం పాల వ్యాను వెళ్లిన తరువాత అరగంట కూర్చుని రిజిస్టరు కూడిక వేయండి. తేలనివి ఏమిటో, వాటికి సోమవారం ఎవరిని కలవాలో ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టండి. రాయని పని రాత్రంతా తలలో తిరుగుతుంది. రాసిన పని కాగితం మీద ఉంటుంది.

రెండవది నిద్ర. శనివారం రాత్రి ఫోను చూస్తూ పన్నెండు దాటించి, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటే ఆ రాత్రి నిద్ర రాదు. నాలుగింటికి మాత్రం లేవక తప్పదు. శరీరంలో ఒక గడియారం ఉన్నది. వారంలో రెండు రోజులు దాన్ని వెనక్కి తిప్పి మూడో రోజు ముందుకు లాగితే అది మొరాయిస్తుంది. పడుకునే వేళ, లేచే వేళ ఏడు రోజులూ ఒకటిగా ఉంచుకుంటే సోమవారపు బరువు చాలావరకు తగ్గుతుంది.

మూడవది, ఉత్సాహం వచ్చిన తరువాత పని మొదలు పెడదామని ఆగకపోవడం. ముందు చేతులకు పని చెప్పండి. తొట్టి కడగడం, క్యాన్లు బోర్లించడం, తూకం సరిచూడటం, ఇవి ఆలోచన అక్కరలేని పనులు. చేయి కదిలితే మనసు వెనకాలే వస్తుంది. అరగంటలో సభ్యులు వస్తారు. మొదట వచ్చినవారిని "ఏం పెద్దమ్మా, దూడ పాలు తాగుతున్నదా?" అని పలకరించండి. ఆ మాటతో ఆమె మనసే కాదు, మనదీ తేలికపడుతుంది.

నాలుగవది పాలకవర్గం చేయవలసినది. బొంబాయి బట్టల మిల్లుల కార్మికులకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నడిపిన ఆందోళన ఫలితంగా 1890 లో వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఆదివారం పని చేయిస్తే దానికి ముందు మూడు రోజుల్లోగాని, తరువాత మూడు రోజుల్లోగాని ఒక రోజు సెలవు ఇవ్వాలన్నది. ఒకరిద్దరు పనిచేసే గ్రామ సంఘం దాకా ఆ చట్టం రాలేదు. అక్కడ ఆ న్యాయం మనమే చేసుకోవాలి. ఊళ్లో చదువుకున్న ఒక అబ్బాయికో అమ్మాయికో తూకం, పరీక్ష నేర్పించి, వారానికి రెండు పూటలు అప్పగించండి. ఆ కొద్ది జీతం సంఘానికి దండుగ కాదు. ఏడాది పొడుగునా ఒక్క పూట విడుపు లేని టెస్టరు చేసే పొరపాట్లకు అయ్యే ఖర్చు దానికన్నా ఎక్కువ.

చివరగా ఒక మాట. పదింటికల్లా తేలికపడితే అది సోమవారపు బరువు. అలా కాక దిగులు రోజంతా, ప్రతిరోజూ, రెండు వారాలు దాటి ఉంటే, అన్నం సహించకపోతే, నిద్ర పట్టకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే అది జబ్బు కావచ్చు. గేదె రెండు పూటలు మేత ముట్టకపోతే పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తుతాం. మనిషి విషయంలో సిగ్గుపడటం ఎందుకు? డాక్టరును చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదని ఎవరైనా అంటే మాత్రం రెండు వారాలు చూడకూడదు. ఆ క్షణమే పక్కన కూర్చోవాలి, ఒంటరిగా వదలకూడదు, వైద్యానికి తీసుకుపోవాలి.

కార్యదర్శులకు మా మనవి ఒకటే. వచ్చే పాలకవర్గ సమావేశంలో మొదటి అంశంగా ఈ విడుపు విషయం పెట్టండి. అధ్యక్షులకూ ఒక మనవి. ఈ సోమవారం ఉదయం ఒక్కసారి పాలకేంద్రానికి వెళ్లి, మీ టెస్టరు ఎట్లా ఉన్నాడో అడగండి. పాల లెక్క తరువాత అడగవచ్చు.