బంకమట్టి తవ్విన పొలమును తిరిగి పంటకు తెచ్చుట

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన గోదావరి సీమలో మట్టి రెండు విధములుగా అమ్ముడుపోవుచున్నది. మెట్టలో, ద్వారకా తిరుమల చుట్టుప్రక్కల, నేల అడుగున తెల్లని బంకమట్టి పొరలున్నవి. వ్యాపారులు దీనిని బాల్ క్లే అందురు. పింగాణీ సామానునకు, టైల్సుకు ఇది కావలెను. డెల్టాలో, రాజమండ్రి, కడియం వైపున, ఇటుక బట్టీలకు ఒండ్రుమట్టి పోవుచున్నది. మట్టి ఏదైనను, తవ్వువాడు పని ముగించుకొని పోవును. పొలము మాత్రము మీ పేరనే ఉండును. అది మరల పండునా, తుంగ మొలిచిన గుంటగా మిగులునా అన్నది చాలవరకు మొదటి గడ్డపార దిగకముందే తేలిపోవును. నేడు నేను చెప్పదలచినది ఇదియే.

పైమట్టి విలువ

పైరునకు తిండి పెట్టునది ముఖ్యముగా పైనున్న జానెడు మట్టి. సేంద్రియ పదార్థము, మేలుచేయు సూక్ష్మజీవులు, మీ తాతల నాటినుండి తోలిన పశువుల ఎరువు సారము అందులోనే ఉన్నవి. ఎకరములో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 600 ఘనపు మీటర్లగును. దాని బరువు 900 టన్నులకు దగ్గరగా ఉండును. ట్రాక్టరు తొట్టెకు 3 ఘనపు మీటర్ల చొప్పున లెక్కించినచో 200 తొట్టెలు. ఒకసారి పోగొట్టుకొన్న తరువాత ఇంత మట్టి కొని తెచ్చి వేయుట ఎవరి తరము? అడుగున మిగిలిన బంకలో గాలి ఆడదు, నీరు త్వరగా ఇంకదు. అందు సేంద్రియ పదార్థము, నత్రజని బహు తక్కువ. వరికి జింకు లోపము గూడ తరచు కనిపించును.

అనుమతులు, మీ హక్కులు

2015 ఫిబ్రవరి 10న కేంద్ర ప్రభుత్వము బాల్ క్లేను చిన్న తరహా ఖనిజముల జాబితాలో చేర్చినది. చిన్న తరహా ఖనిజముల లీజు 5 హెక్టార్లకు, అనగా సుమారు 12 ఎకరముల 35 సెంట్లకు, లోబడినదైనను పర్యావరణ అనుమతి పొందవలెనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో చెప్పినది. కాబట్టి “మాది చిన్న గొయ్యి, కాగితములు అక్కరలేదు” అను మాటను నమ్మవద్దు. కుమ్మరులు చేతితో తీసికొను మామూలు మట్టికిని, వరద తరువాత పొలములో మేటవేసిన ఇసుకను రైతు తొలగించుకొనుటకును 2016 నాటి సవరణలో మినహాయింపు కలదు.

అనుమతి వచ్చిన తరువాత దాని ప్రతిని పంచాయతీకి ఇవ్వవలెను. పంచాయతీ దానిని 30 దినములు ప్రదర్శింపవలెను. షరతుల అమలును గూర్చి లీజుదారు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు పంపవలెను. ఇవి రహస్య పత్రములు కావు. దరఖాస్తు చేసినచో ఎవరికైనను ప్రతి ఇవ్వవలసినదే. ఆ నివేదికను తెచ్చి గొయ్యి గట్టుపై నిలబడి చదువుడు. కాగితము మీద మొక్కలు నాటిన చోట మొక్కలున్నవో లేవో మీకే తెలియును. తవ్వకము ముగిసిన భూమిని పశుగ్రాసము, మొక్కలు పెరుగుటకు తగినట్లు బాగుచేయవలెనను షరతును లీజులలో చేర్చవలెనని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఆదేశించినది.

సంతకమునకు ముందు

పొలము నాలుగు మూలల గుంటలు తీసి, పైమట్టి ఎంత లోతున్నదో కొలిచి వ్రాసికొనుడు. మట్టి పరీక్ష చేయించి, ఆ కార్డును భద్రపరచుడు. రేపు వివాదము వచ్చినచో మీకు సాక్ష్యము అదియే. పైమట్టి అమ్మరాదనియు, తవ్వకపు లోతు ఇంతయనియు, పూడ్చి చదును చేయువరకు కొంత సొమ్ము మీ వద్ద నిలిచియుండవలెననియు ఒప్పందములో వ్రాయించుడు. డెల్టా రైతులు మరియొకటి చూడవలెను. పొలము మట్టము మురుగు కాలువలోని నీటి మట్టముకన్న క్రిందికి దిగినచో, ఆ నీరు బయటకు పోవు దారి లేదు. అట్టి చేనిలో సార్వా నిలువదు.

తవ్వుచున్నప్పుడు

మొదట పైమట్టిని వేరుగా తీసి కుప్ప పోయవలెను. కుప్ప రెండు మీటర్లకు మించరాదు. మించినచో లోపల గాలి అందక జీవము చచ్చును. దానిపై జనుము గాని పిల్లిపెసర గాని చల్లినచో వానకు కొట్టుకొనిపోదు. 1961 నాటి లోహ గనుల నిబంధనల ప్రకారము, మెత్తని నేలలో మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించరాదు, వెడల్పు ఎత్తుకన్న తగ్గరాదు. మెట్లు లేనిచోట గట్టు వాలు 45 డిగ్రీలకు మించరాదు. సరిహద్దునుండి 7.5 మీటర్లు విడువవలెను. ఇది ప్రక్క రైతు గట్టునకు రక్ష. గొయ్యి చుట్టు కాలువ తీసి, వాననీటిని తేటగుంటలో నిలిపి వదలవలెను. లేనిచో బంకనీరు దిగువ చేలపై పేరుకొని పెచ్చుకట్టును, విత్తనము మొలకెత్తదు.

పూడ్చు వరుస

రాళ్లు, గరపనేల అడుగున. మధ్యపొర మట్టి దానిపైన. పైమట్టి అన్నిటికన్న పైన. ఈ వరుస తప్పరాదు. పట్టణపు చెత్తను, కర్మాగారముల వ్యర్థములను గోతిలో పోయనీయవద్దు. బావుల నీరు చెడును. అమ్మిన మట్టి తిరిగి రాదు గనుక గొయ్యి పూర్తిగా పూడదు. మెట్టలో ఒక మూల నీటికుంటగా విడిచి, మిగిలినది చదును చేసికొనుట మేలు.

పంటకు తెచ్చుట

యంత్రములు తిరిగిన నేల గట్టిపడియుండును. వేసవిలో ఉలి నాగలితో లోతుగా దున్నించి, తరువాత పైమట్టి పరచుడు. ఎకరమునకు నాలుగైదు టన్నుల పశువుల ఎరువు వేయుడు. తొలకరిలో ఎకరమునకు 12 నుండి 15 కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నుడు. వరి వేయుచోట ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. దీనిని భాస్వరపు ఎరువుతో కలుపరాదు. మొదటి రెండు మూడేండ్లు దిగుబడి తగ్గును. నిరుత్సాహపడక ఏటేటా పచ్చిరొట్ట వేయుడు. మెట్టలో జనుము, అలసంద, పశుగ్రాసములతో మొదలుపెట్టి, నేల కుదుటబడిన తరువాతనే తోటలకు పోవలెను.

సోదరులారా! మట్టి సొమ్ము ఒక్కసారి వచ్చును. పంట ఏటేటా రావలెను. లీజు అడుగుటకు మీ ఇంటికి ఎవరైనను వచ్చినచో, ధర మాట తరువాత, మొదట “పైమట్టి ఎక్కడ పోయుదురు, ఎప్పుడు తిరిగి పరచుదురు?” అని అడుగుడు. దానికి వ్రాతపూర్వకముగా జవాబు ఇవ్వనివారికి పొలము ఇవ్వవద్దు.