సముద్రపు ఒడ్డున పుట్టిన మన రైలు దారి

ప్రొద్దుటూరుకు సొంతంగా రైలొచ్చింది 2016లో. అంతకుముందు మద్రాసు పోవాలంటే మూటాముల్లె పట్టుకొని ఎర్రగుంట్లకు పోవాల్సిందే. జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు ముద్దనూరు దగ్గరగా ఉండేది.

ఈ రెండు స్టేషన్లూ ఉన్న దారికి మూలం మద్రాసు సముద్రతీరాన రాయపురంలో ఉంది. 1856 జూలై 1న దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు అక్కడినుంచే వాలాజా రోడ్డుకు కదిలింది. తర్వాత అరక్కోణం దగ్గర చీలిన పట్టాలు మన కడప మీదుగా సాగి, 1871లో రాయచూరులో బొంబాయి లైనును కలుసుకున్నాయి.

పెళ్లి బట్టలకో, ఆస్పత్రి పనికో చెన్నై పోయినప్పుడు ఒక పూట మిగుల్చుకోండి. బీచ్ స్టేషన్లో రాయపురం వైపు పోయే లోకల్ ఎక్కితే తర్వాతి స్టేషన్ అదే. ముందువైపు బారులు తీరిన ఎత్తైన స్తంభాలు చూసి తీరాల్సినవి. దేశంలో నేటికీ నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో ఇదే పాతదని చెబుతారు. తెల్లవారుజామునే పోతే, దగ్గర్లోని కాశిమేడు రేవులో చేపల పడవల సందడీ చూడొచ్చు. పిల్లల్ని తప్పక వెంట తీసుకుపోండి. ఎర్రగుంట్ల పట్టాలు ఎక్కడ మొదలయ్యాయో వాళ్లకు కళ్లారా చూపించాలి.