తీరమున ఓడలు నిలిచియుండినచో



జరుగని దానిని గూర్చి తర్కించుట వ్యర్థమని కొందఱు పెద్దలందురు. నేనంగీకరింపను. ఓడిన సేనానికి వేఱొక త్రోవ యుండెనా లేదా యని విచారింపక యాతని యోటమికి కారణమెట్లు నిర్ణయింతుము?

1758 ఏప్రిలు నెలాఖరున ఫ్రెంచి సేనాని లాలీ పుదుచ్చేరిలో దిగెను. జూన్ 2వ తేదీకి కడలూరు చెంతనున్న సెయింటు డేవిడ్ కోట వాని వశమయ్యెను. ఆ యూపుననే చెన్నపట్టణముపై బడవలెనని యాతని తొందర. నౌకాధిపతి దాషే సమ్మతింపలేదు. పుదుచ్చేరి బొక్కసమున రూకలును లేవు. ధనమునకై తంజావూరిమీదికి బోయిన లాలీ చాలినంత రాబట్టలేక మరలెను. ఆగస్టు 3న ఆంగ్ల నౌకాధిపతి పోకాక్‌తో బోరి దెబ్బతిన్న దాషే, సెప్టెంబరులో ఓడలను మారిషస్ దీవికి తరలించుకొనిపోయెను. డిసెంబరులో గాని లాలీ చెన్నపట్టణమును ముట్టడింపలేదు. 1759 ఫిబ్రవరి 16న ఆంగ్లేయుల ఓడలు సాయము వచ్చెను. మఱునాడే ముట్టడి ముగిసెను.

జూన్ నెలలోనే దాషే ఓడలు లాలీ సేనతో గూడి కదలియుండినచో? 1746లో లాబర్దొనే ఓడలతో వచ్చి కొలది దినములలోనే ఆ పట్టణమును గైకొనలేదా? చెన్నపట్టణము పడియుండినచో, క్లైవు బంగాళమునుండి ఓడలపై విశాఖపట్టణమునకు బంపిన ఫోర్డు దళము ఉత్తర సర్కారులకు వచ్చియుండునా? రాదనియే నా తలంపు.

సెప్టెంబరు ప్రయాణమునకు దాషేను పిఱికివాడనుట మాత్రము అన్యాయము. చోళమండల తీరమున ఓడలకు ఆశ్రయమిచ్చు రేవు లేదు. ఈశాన్య ఋతుపవనము వచ్చినచో లంగరు నిలువదు. పోకాక్ సైతము బొంబాయికి బోయెను. తిరుకోణమల రేవు అప్పుడు డచ్చివారి చేతిలో నుండెను. 1782 ఆగస్టులో సఫ్రాన్ దానిని బట్టుకొనెను. మఱుసటి యేట జూన్ 20న కడలూరు ముంగిట ఆంగ్ల నౌకాదళముతో బోరి దానిని చెన్నపట్టణమునకు మరలించి, ఆ కోటలో జిక్కియున్న బుస్సీకి ఊపిరి పోసెను. కాని హైదరాలీ అంతకుముందే, 1782 డిసెంబరులో మరణించియుండెను. ఐరోపాలో సంధి వార్తయు వచ్చి యుద్ధము నిలిచెను.

ఫ్రెంచివారు గెలిచిన మనకేమి లాభమని మీరడుగవచ్చును. దొర మాఱునే గాని దాస్యము మాఱదు. నిజమే. అయినను మన ప్రభువుల స్థితి చూడుడు. విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆంగ్లేయుల పక్షము. నిజాము సలాబత్ జంగు ఫ్రెంచివారి పక్షము. ఇరువురికిని సేనలు గలవు. తమ తీరమును గాచుకొను యుద్ధనౌక యొక్కటియు లేదు.

బందరును ముట్టడించిన ఫోర్డుకు పెద్ద ఫిరంగులు ఓడలమీదనే చేరినవి. లోపలి సైన్యము బయటి దానికంటె నధికమైనను 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి దాడితో కోట పడెను. మే 14న సలాబత్ జంగు బందరును ఆంగ్లేయులకు వ్రాసియిచ్చెను. కోట పడిన కొలది దినములకే ఫ్రెంచి సహాయదళముతో రెండు ఓడలు రేవు ముందఱికి వచ్చి, సంగతి యెఱిగి, గంజాము దిక్కునకు సాగిపోయినవి.