పాత కంప్యూటరు – కొత్త యంత్రము

 

పుస్తకము చదువుటకు కన్నులును, అక్షరజ్ఞానమును చాలును. కంప్యూటరుకై వ్రాసినదానికి మాత్రము ఆ కంప్యూటరే కావలెను. అది మూలబడినచో, వ్రాత చెడకున్నను మూగవోవును. ఇందులకు ఇంగ్లండులోని ఉదంతమొకటి చక్కని నిదర్శనము.

1086లో విలియము రాజు తన రాజ్యమందలి భూములను, పశువులను లెక్కింపించి, ఆ లెక్కలను డూమ్స్‌డే గ్రంథమునకు ఎక్కింపించెను. తోలుపత్రములపై వ్రాసిన ఆ గ్రంథము నేటికిని చదువ వీలగుచున్నది. తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో, బి.బి.సి. వారు కొత్త డూమ్స్‌డేను సిద్ధపరచిరి. బడిపిల్లలు మొదలుగా పది లక్షల జనులు తమ యూళ్ల వృత్తాంతములను, ఛాయాచిత్రములను సమకూర్చిరి. ఇవన్నియు రెండు లేజరు డిస్కులపై నిక్షిప్తమయ్యెను. వానిని చూచుటకు బి.బి.సి. మాస్టరు కంప్యూటరును, ప్రత్యేకమైన డిస్కుయంత్రమును కావలసియుండెను. పదునైదేండ్లలోనే ఆ యంత్రములు అరుదయ్యెను. తాత గ్రంథము నిలిచెను. మనుమని డిస్కునకు ముప్పు వాటిల్లెను.

అంతట లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయముల వారు కూడి, 2002లో, ఆ పాతయంత్రపు నడకను కొత్త కంప్యూటరుపై అనుకరించి చూపిరి. దీనినే ఎమ్యులేషను అందురు.

ఇది యెట్లు సాధ్యము? పాత ప్రాసెసరునకు తెలిసిన ఆజ్ఞలు పరిమితములు. కొత్త యంత్రములోని ప్రోగ్రాము, దుబాసీవలె, ఒక్కొక్క ఆజ్ఞను చదివి, పాతయంత్రము చేయు పనినే తాను చేయును. 1981 నాటి బి.బి.సి. మైక్రో వేగము 2 మెగాహెర్ట్‌జులు. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేటి యంత్రముల వేగము వేల మెగాహెర్ట్‌జులు. కావున ఒక పాత ఆజ్ఞకు పదులకొలది కొత్త ఆజ్ఞలు వ్యయమైనను కొరత లేదు.

చిక్కులు వేరు కలవు. మొదటిది కాలనియమము. 1984 నాటి ఎలీట్ అను ఆట, తెరపై బొమ్మ గీయబడుచుండగనే సగములో చిత్రరీతిని మార్చును. ఆ క్షణము తప్పినచో బొమ్మ చెదరును. రెండవది హక్కు. యంత్రమునందలి రామ్ చిప్పులకు భిన్నమైన, శాశ్వతముగా వ్రాయబడిన రోమ్ ప్రోగ్రాములు ఒకరి సొత్తు. వారి యనుమతి లేక పంచరాదు. మూడవది డిస్కుల జీర్ణత. డిస్కు చెడినపిదప ఎంతటి అనుకరణయు నిష్ఫలమే.

1984లో భారత ప్రభుత్వము క్లాస్ పథకము క్రింద పాఠశాలలకు ఇచ్చినవియు బి.బి.సి. మైక్రోలే. వానిపై పిల్లలు వ్రాసిన ప్రోగ్రాముల క్యాసెట్లు ఎచ్చటనైన మిగిలియున్నచో, వానికిని ఈ మార్గమే శరణ్యము.

తాళపత్రము చెదల పాలు కాకమునుపే పెద్దలు ప్రతి వ్రాయించిరి. డిస్కునకును అట్లే సకాలమున ప్రతి తీయవలెను. ఆ ప్రతితోపాటు యంత్రవివరములు తెలుపు పుస్తకమును గూడ భద్రపరచవలెను. గ్రంథాలయమునకు దాచుట ఎంత ధర్మమో, దాచినది చదువుటకు ఉపాయము నిలుపుటయు అంతే ధర్మము.